తోడికోడలి బీపీ

శైలజ జాకెట్లన్నీ వదులయ్యాయని, కుట్లు లోపలికి వేయించుకుంటోందని తెలిసిన రోజే జమ్ములమ్మ కడుపు మండింది.

ఇద్దరూ తోడికోడళ్లు. గద్వాలలో ఒకే గుంటమగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేస్తారు. అంచును చీరతో కలిపి నేయాలంటే ఇద్దరి చేతులూ పడాలి. ఎండాకాలం దాకా ఇద్దరి నడుములూ ఒకటే లావు. తర్వాత శైలజ పొద్దున్నే కాలేజీ గ్రౌండులో పరుగు మొదలుపెట్టింది. ఇప్పుడు వీధంతా దాని నడుము ముచ్చటే. ఆఖరికి జమ్ములమ్మ మొగుడు శాంతయ్య కూడా అన్నం తింటూ, "శైలజ గుర్రమోలె ఉరుకుతుందే" అన్నాడు. ఆ పూట అతని కంచంలో మారు పప్పు పడలేదు.

"రేపటి సంది నేను గూడ ఉరుకుత" అంది జమ్ములమ్మ, మగ్గం తొక్కుతూనే.

"ముందుగాల దవాఖానల చూపించుకో అక్కా. నేను గట్లనే జేసిన. మొన్న మెట్లెక్కి గోడ పట్టుకుంటివి గద."

"నేను సన్నగైతే నీకేం నొప్పే? పొద్దంత మగ్గం తొక్కే కాళ్లకు పరీక్షలేంది?"

"కాళ్లకు గాదక్కా, గుండెకు."

మగ్గం ఇళ్లన్నిటా ఉన్న భ్రమే ఇది. కాలు ఆడితే ఒళ్లంతా ఆడినట్టే అనుకుంటారు. చీరలో జరీ ఎంతుందో తిప్పితిప్పి చూసేవాళ్లు వందమంది. నేసినదాని గుండె ఎట్లుందో అడిగినవాడు ఒక్కడు లేడు.

మర్నాడు జమ్ములమ్మ కొంగు దోపి, శైలజను దాటాలనే కసితో ఉరికింది. దాటింది కూడా. సగం చుట్టు కాకముందే కళ్లు చీకట్లు కమ్మి మట్టిలో కూలబడింది. శైలజ 'ముందే చెప్పిన గద' అని దెప్పకుండా ఆటో ఎక్కించింది. ఆ దెప్పకపోవడమే జమ్ములమ్మను ఇంకా మండించింది.

దవాఖానలో నర్సు చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి నోరు తెరిచింది. "నూట ఎనభై! ఇన్ని దినాలు ఎట్ల తిరుగుతున్నవమ్మా?"

గోలీలు వాడాలి, గుండె పరీక్ష చేయించాలి, అప్పటిదాకా పరుగు మాటే ఎత్తొద్దు అన్నాడు డాక్టర్. బీపీ దిగాక మెల్లగా నడక, ఆ తర్వాతే ఉరుకుడు. జమ్ములమ్మ అంతా విని, అసలు సంగతి అడిగింది.

"ఈమెకెంతుంది సారూ?"

శైలజకూ పట్టీ చుట్టారు. నూట ఇరవై.

బీపీలో కూడా శైలజే సన్నం!

"బీపీ దిగనీ. నిన్ను దాటకపోతే అడుగు" అంది బయటికొస్తూ.

"దాటుదువు గానీ, గోలీ మింగు. నువ్వు పడితే నా పక్కన కూసుండి అంచు కలిపేదెవరు?"

జమ్ములమ్మ గోలీ మింగింది, కోపంగా, శైలజ నడుమునే చూస్తూ.