పన్నెండు దయ్యాలూ ఒక బొంగురు గొంతూ

బస్టాండులో అందరూ ఆవిడను అనౌన్సరమ్మ అనే పిలుస్తారు కానీ, ఆవిడ మైకు ముట్టుకుని ఆరేళ్లయింది. అంతకు ముందు పద్దెనిమిదేళ్లు ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో ఆవిడ గొంతే చెప్పేది. తర్వాత మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, ప్రాణం దక్కింది, గొంతు మాత్రం రేకు మీద మేకుతో గీకినట్టు తయారైంది. మైకులోకి ఎవరిదో రికార్డు చేసిన గొంతు వచ్చి కూర్చుంది. ఆవిణ్ని పోయిన సామాన్ల గదికి మార్చారు.

ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయినవన్నీ ఆ గదికే చేరతాయి. గొడుగులు, కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు, చంటిపిల్లల బొమ్మలు. ఒకసారి ఒక చెక్క కాలు వచ్చింది. గొడుగు పోగొట్టుకున్నవాళ్లు పరిగెత్తుకుంటూ వస్తారు గానీ, ఆ కాలు కోసం ఎవరూ రాలేదు. కాలు వదిలేసినవాడు బస్సెలా దిగాడబ్బా అని అనౌన్సరమ్మ రెండ్రోజులు ఆలోచించింది. మూడో రోజు పాత రిజిస్టరు వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టింది. అదే ఆవిడ మొదటి దయ్యం కథ.

ఆరేళ్లలో మూడు పుస్తకాలొచ్చాయి. పబ్లిషర్లెవరూ ముందుకు రాకపోతే తనే అచ్చు వేయించుకుంది, తనే సంచిలో మోసుకెళ్లి షాపుల్లో పెట్టించింది. చదివేవాళ్లు మరీ ఎక్కువ లేరు. డ్రైవర్లు, నర్సులు, వాచ్‌మన్లు, కాలేజీ పిల్లలు. అందరికన్నా ముందు చదివేది అత్తగారు. కోడలు దయ్యాల కథలు రాస్తోందంటే ఏ అత్తగారైనా ఇల్లు పీకి పందిరేస్తుందని అందరూ అనుకున్నారు. ఈవిడ మాత్రం కళ్లజోడు తుడుచుకుని చదివి, కాగితాలు తిరిగిచ్చేసి, "దయ్యం వచ్చి మంచం పక్కన నిలబడింది. సరే. నిలబడి ఏం చేసింది? ఊరికే నిలబడ్డానికైతే మా ఆడపడుచు కూడా వచ్చి నిలబడేది. మళ్లీ రాయమ్మాయ్," అనేది.

ఆ ఏడాది చివరి ఆదివారం అనౌన్సరమ్మ ఒక పెద్ద కాగితం తీసి, వచ్చే ఏడాది ఏమేం చెయ్యాలో లావుపాటి అక్షరాల్లో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. రోజూ ఒకే సీట్లో కూర్చుని ఏ స్టాపులోనూ దిగని ప్రయాణికురాలి మీద నవల. దాంతోపాటు నెలకొకటి చొప్పున పన్నెండు కథలు, అచ్చులో కాదు, ఆడియోలో. చదివేది తనే. అడుగున రెండు గీతలు కొట్టి ఇంకో మాట రాసింది: 'ఎవరు చెప్పినా సరే, చివర్లో దయ్యాన్ని పంపించెయ్యను.'

సాయంత్రం అక్క వచ్చింది. స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ కాబట్టి గోడమీద ఏం రాసున్నా తప్పులు వెతకడం ఆవిడకు అలవాటు. ఫ్రిజ్ ముందు నిలబడి రెండుసార్లు చదివింది.

"చదివేది నువ్వా? నీ గొంతుతోనా?"

"ఇంకెవరి గొంతు అరువు తెచ్చుకోనక్కా?"

"ఒసేయ్, ఫోన్లో నువ్వు హలో అంటేనే మా పనిమనిషి జడుసుకుంటుంది."

"మరింకేం, దయ్యాల కథలకి అంతకన్నా ఏం కావాలి!" అంది అత్తగారు వంటింట్లోంచి.

అక్క నవ్వలేదు. "నలుగురూ నవ్వుతారే. ఒకప్పుడు నీ గొంతు ఎలా ఉండేదో ఊరందరికీ తెలుసు. ఇప్పుడిలా వినిపించుకోవడం ఎందుకు?" అంది. ఆ మాటలో వెటకారం లేదు, జాలి ఉంది. అనౌన్సరమ్మకి వెటకారమైతే తట్టుకోవడం తెలుసు. జాలి మాత్రం ఒళ్లు మండిస్తుంది. ఊడిపోతున్న కాగితం మూలని బొటనవేలితో గట్టిగా నొక్కింది.

రెండ్రోజుల తర్వాత ఒక ఆడియో కంపెనీ మేనేజర్ ఫోన్ చేశాడు. ఆవిడ మూడు పుస్తకాలూ చదివాడట, పన్నెండు కథలు కావాలట, ఒకసారి ఆఫీసుకొస్తే మాట్లాడుకుందామట. భర్త ఆ మాట విని కుర్చీలోంచి లేచాడు. ఆయన లిఫ్టుల మెకానిక్కు, ఏదీ ఒక్కసారిగా పైకి లేస్తే నమ్మడు. ఆ రోజు మాత్రం నమ్మాడు. "చూశావా, వాళ్లంతట వాళ్లే పిలిచారు," అని ఇద్దరు స్నేహితులకు ఫోన్ చేసి చెప్పేశాడు కూడా.

ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. అద్దాల గది, గోడలకి నల్లటి స్పాంజి, అవతల రికార్డింగ్ మిషన్ ముందు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఇంజనీరు. మేనేజర్ మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించి, "మేడమ్, మీకు చిన్న సర్‌ప్రైజ్. శాంపిల్ చేయించాం, వినండి," అన్నాడు.

అది ఆవిడ కథే. 'బస్సులో ఎవరూ లేరు. అయినా స్టాపు వచ్చినప్పుడల్లా బెల్లు మోగుతోంది.' చదివింది సినిమాలకి డబ్బింగ్ చెప్పే అమ్మాయి. తేనెలో ముంచి తీసినట్టుంది గొంతు. వెనకాల వయొలిన్లు. ఆ అమ్మాయి బెల్లు మోగుతోందంటే పిల్లలకి స్కూలు వదిలారేమో అనిపించింది అనౌన్సరమ్మకి.

"ఇంకో చిన్న మార్పు, మేడమ్," అన్నాడు మేనేజర్. "మీ కథలన్నీ దయ్యం ఉండగానే అయిపోతున్నాయి. చివర్లో అంతా కల అని తేలినా, దయ్యానికి శాంతి దొరికి వెళ్లిపోయినా జనం హాయిగా ఫీలవుతారు."

"దయ్యం కథ విని హాయిగా ఎందుకు ఫీలవ్వాలండీ?"

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "నేనొక పేజీ చదువుతాను. వినండి," అంది.

కాదనలేక గదిలోకి పంపించారు. అనౌన్సరమ్మ ఆరేళ్ల తర్వాత మైకు ముందు కూర్చుంది. అలవాటు కొద్దీ వీపు నిటారైంది. మొదటి వాక్యం సగంలో తెగిపోయింది. మింగి, మళ్లీ మొదలుపెట్టింది. ఎక్కడ గొంతు గీరుకుందో అక్కడ ఆగింది, ఎక్కడ గాలి మాత్రమే వచ్చిందో అక్కడ గాలినే వదిలింది. పేజీ అయ్యేసరికి ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసేసి, లేచి, తన వెనకాల ఓరగా ఉన్న తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

మేనేజర్ అది చూశాడు. చూసి కూడా, "బాగుంది మేడమ్, కానీ వినేవాళ్లు రికార్డింగే పాడైందనుకుంటారు," అన్నాడు. "కథలు మీవి, గొంతు ఆ అమ్మాయిది. వేలమందికి చేరతారు. ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే వచ్చాను," అంది అనౌన్సరమ్మ. "పద్దెనిమిదేళ్లు నా గొంతు విని జనం బస్సులెక్కారు. ఇప్పుడు ఈ గొంతు విని దిగిపోతామంటే దిగిపోనివ్వండి. ఇంకొకరి గొంతు వెనక మాత్రం దాక్కోను."

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే భర్త అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఎవరైనా కాలదన్నుకుంటారా ఇలాంటిది? వేలమంది వింటారన్నాడుగా!"

"వింటారు. నన్ను కాదు."

"నీ కథే కదా?"

"మీరు బాగుచేసిన లిఫ్టుకి ఇంకొకరి పేరు రాసి, కాస్త నెమ్మదిగా నడిచేట్టు చేస్తే బాగుంటుంది అంటే ఊరుకుంటారా?"

ఆయన రెండ్రోజులు ముభావంగా తిరిగాడు.

అసలు చిక్కు మేనేజర్ దగ్గర లేదు, గొంతులోనే ఉంది. జనవరి మొదట్లో గొంతు డాక్టరమ్మ దగ్గరికెళ్లి తన ఆలోచన చెబితే, ఆవిడ సన్నటి గొట్టం వేసి చూసి, "రోజుకు పావుగంట," అంది. "అంతకన్నా ఎక్కువ గట్టిగా చదివితే ఉన్నది కూడా పోతుంది. ఆ పావుగంట చదివిన రోజు మిగతా మాటలు తగ్గించాలి. తర్వాత నన్నని లాభం లేదు."

ఆ రోజు నుంచి అనౌన్సరమ్మ ఇంట్లో మాట్లాడ్డం మానేసింది. జేబు పుస్తకంలో రాసి చూపించేది. 'పాలు పొంగుతున్నాయి' అని రాసి చూపించేలోపు పాలు స్టవ్ మీదికి పొంగిపోయేవి. భర్తతో పోట్లాడాలన్నా రాయాల్సిందే. ఆవిడ రాసేలోపు ఆయన అవతల గదిలోకి వెళ్లిపోయేవాడు. ఆవిడ వెనకే వెళ్లి, కాగితం కళ్ల ముందు పెట్టి, చదివేదాకా కదలనిచ్చేది కాదు.

ఆ పావుగంటైనా ప్రశాంతంగా దొరికిందా అంటే అదీ లేదు. పడగ్గదిలో చదివితే పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్. వంటింట్లో చదివితే ఫ్రిజ్ మూలుగు. బట్టల బీరువాలో తల దూర్చి చదివితే కలరా ఉండల వాసనకి దగ్గు తెర. పది రోజులైనా ఒక్క పేజీ శుభ్రంగా రాలేదు. పదకొండో రోజు ఆవిడ మంచం మీద కూర్చుని, ఆపరేషన్ తర్వాత మొదటిసారి, చప్పుడు లేకుండా ఏడ్చింది. అత్తగారు తలుపు దగ్గరికొచ్చి చూసి, వెళ్లి కొడుకుతో ఏదో అంది.

ఏమందో తెలియదు గానీ మర్నాడు సాయంత్రం డ్యూటీ అయ్యాక భర్త ఆవిణ్ని తన కంపెనీ షెడ్డుకి తీసుకెళ్లాడు. షెడ్డు చివర, పాత మోటార్లూ తాళ్ల చుట్టలూ దాటుకుని వెళితే, ఏదో హోటల్లోంచి విప్పి తెచ్చిన లిఫ్టు ఒకటి నేలమీద నిలబడి ఉంది. లోపల నాలుగు గోడలకీ పాత దుప్పట్లు మేకులు కొట్టి బిగించాడు. ఒక స్టూలు, ఒక చిన్న దీపం, పైన గాలికి కన్నం.

"తలుపులు మూస్తే బయట లారీ వెళ్లినా వినపడదు. నేను పరీక్షించాను," అన్నాడు. తర్వాత, "నీ కథ నాకు చదివి వినిపించమని అమ్మని అడిగాను. మొన్న ఆఫీసులో చదివావే, అది. అమ్మ గొంతులో అది వింటే నాకు భయమెయ్యలేదు," అన్నాడు.

అనౌన్సరమ్మ జేబు పుస్తకం తియ్యలేదు. "తలుపులు ముయ్యండి," అంది నోటితోనే.

మొదటి కథకి నాలుగు సాయంత్రాలు పట్టింది. వయొలిన్లు లేవు, ఏమీ లేవు. కథ నెట్‌లో పెట్టిన వారానికి విన్నవాళ్లు నూట పదిమంది. కింద రాసినవి చదువుతుంటే అక్క ముందే చెప్పినట్టే ఉంది. మైకు మార్చండి అని ఒకరు. ఆవిడకి జలుబు తగ్గాక చదివించండి అని ఇంకొకరు. 'ఈ గొంతు భరించలేక మధ్యలో ఆపేశాను, వంటింట్లోకి వెళ్లి లైటు వేసి వచ్చాను' అని ఒకావిడ రాసింది. భర్త అది దాచబోతే అత్తగారు లాక్కుని చదివి, "గొంతు భరించలేకపోతే ఆపుతారు. లైటెందుకు వేసినట్టు?" అంది.

ఆ ప్రశ్న ఇంట్లో ముగ్గురికీ నచ్చింది.

రెండో కథకి మూడొందల మంది. మూడో కథ ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకి పంపాడు; అక్కణ్నించి ఏ డిపోకి ఏ దారిన వెళ్లిందో ఆవిడకు తెలియదు. ఆపరేషన్‌లో గొంతు పోగొట్టుకున్న ఒక లెక్చరరు ఉత్తరం రాశాడు: రెండేళ్లుగా క్లాసుకెళ్లడం మానేశాననీ, సోమవారం వెళ్లాననీ, పిల్లలు నవ్వారనీ, మంగళవారం మళ్లీ వెళ్లాననీ. దానికి ఆవిడ నాలుగు పేజీల జవాబు రాసింది. నవల ఆ వారం ఒక్క పేజీ కూడా కదల్లేదు. కదలకపోతే పోనీ అనుకుంది.

అక్క ఒకసారి ఫోన్ చేసి, వినలేదని చెప్పింది. ఆ వెంటనే, "ఆ నాలుగో కథలో పిల్ల చివరికి ఇంట్లోనే ఉండిపోయినట్టా?" అని అడిగింది. అనౌన్సరమ్మ అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. అక్క తిట్టి పెట్టేసింది.

జూన్‌లో డాక్టరమ్మ మళ్లీ గొట్టం వేసి చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. "వాపు పెరిగింది. గడ్డ కాదు, భయపడకండి. కానీ పావుగంట కూడా ఎక్కువే. ఇక పది నిమిషాలు. ఈ ఏడాది వరకు ఆపేస్తే ఇంకా మంచిది."

భర్త పక్కనే కూర్చుని ఆవిడ మొహంలోకి చూశాడు. అనౌన్సరమ్మ పుస్తకం తీసి రాసింది: 'పది నిమిషాలైతే తప్పులేదుగా?'

"తప్పులేదు. కానీ..."

ఆవిడ మిగతాది వినలేదు. ఇంటికెళ్లే బస్సులో ఏడో కథ కాగితాలు ఒళ్లో పెట్టుకుని కొట్టివేతలు మొదలుపెట్టింది. వర్ణనలు పోయాయి. వాతావరణం పోయింది. హీరో చిన్ననాటి సంగతులు పోయాయి. ఇరవై పేజీలు పన్నెండయ్యాయి, ఇల్లు చేరేసరికి తొమ్మిది. రాత్రి భోజనాల ముందు అత్తగారికిచ్చింది. అత్తగారు చదివింది. చదివి, కళ్లజోడు తియ్యకుండా కొంచెంసేపు కూర్చుంది.

"మళ్లీ రాయమంటారా అత్తయ్యా?" అని రాసి చూపించింది.

"అక్కర్లేదు," అంది అత్తగారు. "నన్ను నా గదిదాకా దిగబెట్టి రా."

మర్నాడు సాయంత్రం అనౌన్సరమ్మ షెడ్డుకి వెళ్లి, స్టూలు మీద వీపు నిటారుగా పెట్టి కూర్చుని, గ్లాసెడు గోరువెచ్చటి నీళ్లు తాగింది. భర్త గడియారం చూసి వేళ్లతో పది చూపించాడు. ఆవిడ తలూపింది. ఆయన బయటికి నడిచి తలుపులు మూశాడు.