నాలుగో మీట నొక్కని రోజు

నేను ఒక నవ్వుల పెట్టెను. అంటే నాకు నవ్వొస్తుందని కాదు బాబూ, నవ్వడం నా ఉద్యోగం. ఉద్యోగానికీ సంతోషానికీ ఏపాటి చుట్టరికమో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రస్తుతం పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజారులో ఒక పరదా మీద పడి ఉన్నాను. ఓ పక్క పిడి ఊడిన గ్రైండరు, ఓ పక్క రెక్కలు లేని టేబుల్ ఫ్యాను. పొద్దుటి నుంచీ ఒకటే ఎండ. వచ్చినవాళ్ళు నా మీటలు నొక్కి చూస్తారు, ఏమీ పలకదు, "ఇదేంటి భాయ్?" అని అడుగుతారు. అమ్మేవాడికి తెలిస్తేగా! "హార్మోనియం" అని చెబుతున్నాడు. సరే, అలాగే కానీ అని ఊరుకున్నాను. వాదించే ఓపిక నాకు లేదు.

నన్ను మద్రాసులో ఒక రేడియో మెకానిక్ చేశాడు. టేకు పెట్టె, పైన ఆరు మీటలు, ఒక్కో మీట కింద ఒక్కో టేపు చుట్ట. విజయవాడలో ఏదో కల్యాణమండపంలో మిమిక్రీ ప్రోగ్రాం జరుగుతుంటే వెళ్ళి, జనం నవ్వులన్నీ పట్టుకొచ్చి నాలో నింపాడు. మొదటి మీట కిసుక్కుమంటుంది. రెండోది మామూలు నవ్వు, మూడోది ఆడవాళ్ళ నవ్వు. నాలుగోది పొట్ట చెక్కలయ్యే నవ్వు, అందులో చివర ఒకాయన దగ్గు కూడా ఉంది. అయిదోది చప్పట్లు. ఆరోది "అయ్యో" అని జాలిపడటం, దాన్ని ముట్టుకున్నవాడు లేడు. ఆ మండపంలో వాళ్ళు ఒక్కసారి నవ్వి, చెప్పులు వెతుక్కుని ఇళ్ళకి పోయారు. వాళ్ళ తరఫున ఏళ్ళ తరబడి నవ్వింది మాత్రం నేను.

మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చాను. టీవీ ఉన్న ఇంటికి వీధి వీధంతా చాపలు పట్టుకొచ్చే రోజులవి. ఒక స్టూడియోలో 'పోర్షను ఖాళీ' అని వారం వారం వచ్చే హాస్య సీరియల్ తీసేవారు. ఒక ఇల్లు, నాలుగు వాటాలు, అద్దెకున్నవాళ్ళ తగువులు, అంతే కథ. డైరెక్టరు పేరు మోహనరంగా. మంచి మాటకారి. ఆయనకి ఒక సిద్ధాంతం ఉండేది: "జనానికి సందివ్వకూడదయ్యా. సందిస్తే ఆలోచిస్తారు." ఆ సందులు పూడ్చడానికే నన్ను తెచ్చారు.

కథలు అయిపోయినప్పుడు ఎన్నెన్ని విడ్డూరాలు తీసేవారో! ఇంటి ఓనరు నెత్తిన కొబ్బరికాయ పడి గతం మర్చిపోయాడు. పై వారం ఇంకో కొబ్బరికాయ పడి గుర్తొచ్చింది. ఒకసారి వాటాలవాళ్ళందరూ రాజులూ మంత్రులూ అయిపోయారు, తీరా చూస్తే కల. వంటింట్లో దెయ్యం దూరింది, అదీ వంట బాగా చేసే దెయ్యం. ఏదీ తోచకపోతే ఒక మగవాడికి చీర కట్టేవారు. అద్దె ఎగ్గొట్టినవాడు చీర కట్టుకుని ఓనరు ముందు వయ్యారాలు పోతే, ఆ ఓనరు మల్లెపూలు కొనుక్కొచ్చేవాడు. విగ్గు ఊడేదాకా ప్రేమ, ఊడగానే నాలుగో మీట. మగవాడు మగవాడికి పూలు తెస్తే తప్పేమీ లేదు, చివర్లో విగ్గు ఊడితే చాలన్నమాట. మనుషుల లెక్కలు నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆ సీరియల్లో లావణ్యరావని ఒక పాత్ర ఉండేది. బట్టల కొట్లో గుమాస్తా. నడుము తిప్పుకుంటూ నడుస్తాడు, లేని పైట సర్దుకుంటాడు. "ఏమే లావణ్యా!" అని ఎవరో పిలుస్తారు, నాలుగో మీట. వేషం వేసింది సారంగపాణి గారు, తెనాలి నాటకాల్లో ఆడవేషాలకి పేరు పడ్డ మనిషి. ఆయన గుమ్మంలోకి అడుగు పెట్టకుండానే నేను నవ్వాలి. ఏమీ అనకుండానే నవ్వాలి. ఏం చూసి నవ్వుతున్నానో నాకే తెలిసేది కాదు. పళ్ళు నొప్పెట్టేవి, ఉంటే గనక.

నన్ను వాయించేవాడు పరాంకుశం అని సౌండు మనిషి, బందరు వాడు. నెమ్మదస్తుడు. అన్ని మీటలూ ఒకేలా నొక్కేవాడు గానీ, లావణ్యరావు మీద నాలుగోది నొక్కాక ఆ వేలిని చొక్కాకి తుడుచుకునేవాడు. ఇదేం చాదస్తం, నేనేమైనా బురదలో పడి ఉన్నానా అని నాకు ఒళ్ళు మండేది. తర్వాత వాళ్ళింటికి వెళ్ళాక గానీ విషయం తెలియలేదు. మీకు ఇప్పుడే చెప్పేస్తాను.

పరాంకుశం, గోపీనాథ్ అనే ఇంకో అతనూ చిక్కడపల్లిలో ఒక మేడ మీద రెండు గదుల్లో కాపురం ఉంటున్నారు. కాపురం అనే మాట కావాలనే అన్నాను. ఒకరి కాఫీలో ఎంత పంచదారో ఒకరికి తెలుసు, ఒకరికి జ్వరమొస్తే ఒకరికి నిద్ర పట్టదు. దానికి వేరే మాట ఉంటే చెప్పండి. కానీ హైదరాబాదులో పెళ్ళికాని మగాళ్ళకి ఇల్లెవడిస్తాడు? అందుకని చేరేటప్పుడు ఒక అబద్ధం ఆడారు. గోపీనాథ్ చెల్లెలు సుగుణ పరాంకుశం పెళ్ళామనీ, అంటే వీళ్ళిద్దరూ బావా బావమరుదులనీ, ఆ అమ్మాయి ఆయాసం వల్ల బందరులోనే ఉంటోందనీ. ఇంకేం, నలుగురిలో కూడా "బావా", "బావా" అని నోరారా పిలుచుకోవచ్చు. ఆ సుగుణ భూమ్మీద పుట్టనే లేదు.

ఇంటావిడ కనకరత్నమ్మ గారు, ఏలూరు మనిషి, భర్త పోయి ఒక్కతే కింద ఉంటుంది. పుట్టని ఆ పిల్ల ఆయాసానికి ఎన్ని కషాయాలు చెప్పిందో! ఎండాకాలం వస్తే సుగుణకని మాగాయ జాడీ పంపేది. వీళ్ళిద్దరూ సిగ్గుపడుతూ తినేవారు. "అమ్మాయిని ఎప్పుడు తెస్తావయ్యా?" అని ఆవిడ అడిగినప్పుడల్లా పరాంకుశం ఇంకో సాకు వెతుక్కునేవాడు. ఇదే కథ మా సీరియల్లో వస్తే ఎన్నిసార్లు నవ్వేదాన్నో. ఇంట్లో మాత్రం అది నవ్వులాట కాదు. నిజం తెలిస్తే సామాను వీధిలో ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక వారం గొరిల్లా ఎపిసోడు పెట్టుకున్నారు. వాటాల్లో గొరిల్లా దూరుతుందట. అరటిపళ్ళు గెలలకి గెలలు తెచ్చి సెట్లో పెట్టారు. గొరిల్లా అరటి తొక్క మీద జారుతూ పారిపోయే చివరి సీను ముందు తీసేశారు, దాని మీద నా నవ్వులు కూడా వేసేశారు. మర్నాడు గొరిల్లా వేషం అద్దెకిచ్చినవాడు వచ్చి దాన్ని పట్టుకుపోయాడు, ఏదో సర్కస్ వాళ్ళకి మాటిచ్చాడట. మధ్యలో ఒక సీను మిగిలిపోయింది. మోహనరంగా తల పట్టుకుని, "సారంగపాణి గారూ, ఆ అరటిపళ్ళ ముందు కూర్చుని మీ లావణ్యరావు గురించి ఏదో ఒకటి వాగెయ్యండి. మిమ్మల్ని చూస్తేనే నవ్వుతారు" అన్నాడట.

ఆ ముక్క మర్నాడు పొద్దున్నే సౌండు గదికి వచ్చింది. తెర మీద లావణ్యరావు అరటిపండు తొక్క తీస్తున్నాడు. నడుము తిప్పలేదు, పైట సర్దుకోలేదు. మామూలు గొంతుతో చెప్పాడు:

"మా బావ పోయాడు. కొట్లో సెలవడిగాను. సొంత బావేనా అన్నారు. కాదన్నాను. మరి ఏమవుతాడూ అన్నారు. పన్నెండేళ్ళు ఒక కంచంలో తిన్నామండీ అన్నాను. అది చుట్టరికం కాదన్నారు. ఆ రోజంతా చీరలు మడతపెట్టాను."

పండు కొరికాడు. మింగలేకపోయాడు. ఆ మాటలు పాత్రవో ఆయనవో నాకు తెలియదు, నేను అడగగలిగే దాన్నీ కాదు.

వెనక కుర్చీలోంచి మోహనరంగా, "ఒక కంచం అన్నాడు చూశావా, అక్కడ నాలుగోది వెయ్యి" అన్నాడు.

పరాంకుశం వేలు నా మీదకి వచ్చింది. ఆగింది. నొక్కితే ఏముంది, వందసార్లు నొక్కిందే. నొక్కకపోతే ఎందుకు నొక్కలేదని అడుగుతారు. అడిగితే ఏం చెబుతాడు? చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీట పట్టేసిందండి" అన్నాడు.

"ఇప్పుడా? రెండోది వెయ్యి."

"అదీ పట్టేసిందండి."

"పోనీ ఆ అయ్యో అన్నా అనిపించు."

"అయ్యో కూడా వద్దండి... అంటే, అదీ పట్టేసిందండి. ఇంటికి తీసుకెళ్ళి బాగుచేసుకొస్తాను."

నాకు ఎంత అవమానమో చూడండి. ఒక్క మీట కూడా పట్టెయ్యలేదు! కానీ టేపు మధ్యాహ్నానికల్లా టీవీ కేంద్రానికి చేరాలి. మోహనరంగా గడియారం చూసుకుని, తిట్టుకుంటూ అలాగే పంపేశాడు. అబద్ధమాడాక నిలబెట్టుకోవాలిగా, పరాంకుశం నన్ను సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. అలా నేను ఆ ఇంటి గడప తొక్కాను.

ఆ సాయంత్రమే ప్రసారం. కనకరత్నమ్మ గారు ఎప్పట్లాగే పీట పట్టుకుని మేడెక్కింది. నన్ను టీవీ పక్కన బల్ల మీద పెట్టారు. పరాంకుశం గోపీనాథ్‌కి ఏమీ చెప్పలేదు. మొదట్లో నా నవ్వు వచ్చినప్పుడల్లా ఆవిడా నవ్వింది, "చచ్చినోడు, ఎలా తిరుగుతున్నాడో చూడు!" అని లావణ్యరావుని మురిపెంగా తిట్టింది కూడా.

అంతలో ఆ ముక్క వచ్చింది. ఆవిడ అలవాటుగా నవ్వబోయింది. నవ్వు రాలేదు, అంటే నా నుంచి రాలేదు. ఆవిడ నోరు సగం తెరుచుకుని ఉండిపోయింది. "పన్నెండేళ్ళు ఒక కంచంలో తిన్నామండీ" అని టీవీలో వినపడగానే గోపీనాథ్ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. గిన్నె ఏదో కింద పడింది. తర్వాత ఏడుపు. చేత్తో నోరు నొక్కుకున్నా ఆగని ఏడుపు.

ఆవిడ వంటింటి వైపు చూసింది. పరాంకుశాన్ని చూసింది. అతను కదల్లేదు, ఆవిడ ముందు లేచి వెళ్తే అంతా తెలిసిపోతుందని భయం. తెలిసిపోవడానికి ఇంకేం మిగిలిందని?

సరిగ్గా అప్పుడే టీవీలో గొరిల్లా సీను మొదలైంది. నా నాలుగో నవ్వు, దగ్గుతో సహా, గది దద్దరిల్లేలా మోగింది. నా నవ్వుని నేను బయట కూర్చుని విన్నది అదే మొదలు. ఛీ, ఎంత రోతగా ఉందో! కనకరత్నమ్మ గారు పీట మీంచి లేచి టీవీ మీదకి చెయ్యెత్తింది.

"నోర్ముయ్యండర్రా! ఇంట్లో మనిషి ఏడుస్తుంటే ఏంటా ఇకిలింపు?"

టీవీ కట్టేసింది. పరాంకుశం వైపు తిరిగి, "ఏం చూస్తున్నావు? నన్ను పంపిస్తావా ఏంటి ఊరుకోబెట్టడానికి? నువ్వెళ్ళు" అంది. పీట చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు పరాంకుశం నన్ను స్టూడియోకి మోసుకెళ్ళాడు. నవ్వులు ఎగిరిపోయాయేమిటని అప్పటికే ఎవరెవరో ఫోన్లు చేశారట. మోహనరంగా తనే నాలుగో మీట నొక్కాడు. నా ఖర్మ, హాయిగా మోగాను.

"బాగానే ఉందిగా!"

"బాగానే ఉందండి. నిన్న కూడా బాగానే ఉంది."

"మరి?"

"ఆ మాటకి నవ్వు వెయ్యబుద్ధి కాలేదండి."

మోహనరంగా అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. తెలివైనవాడు, పట్టేశాడు. "ఓహో" అన్నాడు. అంతే. "రేపట్నుంచి రాకు. బొంబాయి నుంచి కొత్తది తెప్పిస్తున్నాం, ఆ డొక్కు కూడా నువ్వే పట్టుకుపో" అన్నాడు. ఆ పై వారం లావణ్యరావు మళ్ళీ నడుము తిప్పాడని విన్నాను. సారంగపాణి గారికి మాత్రం ఇల్లు గడవద్దూ?

ఉద్యోగం పోయింది సరే. అసలు భయం ఇంటి గురించి. కనకరత్నమ్మ గారు ఆ సాయంత్రం తర్వాత మేడ ఎక్కలేదు. సుగుణ ఎలా ఉందని అడగలేదు. మెట్ల దగ్గర ఎదురైతే తల పక్కకి తిప్పుకునేది. తిట్టినా బాగుండేది, ఆ మౌనం వీళ్ళని చంపేసింది. "ఖాళీ చెయ్యమనే లోపు మనమే పోదాం బావా, మాట పడటమెందుకు?" అని గోపీనాథ్ గిన్నెలన్నీ గోనెసంచిలో సర్దాడు. కానీ ఎక్కడికి పోతారు? ఇంకో ఇల్లు, ఇంకో సుగుణ. మళ్ళీ మొదటి నుంచీ ఆ అబద్ధమంతా చెప్పే ఓపిక ఇద్దరికీ లేదు. అల్మరా మీంచి చూస్తుంటే నాకే నీరసమొచ్చింది.

ఆదివారం పొద్దున ఉప్మా తింటున్నారు. కింద గేటు దగ్గర ఎవరో బ్రోకరు గొంతు, వెంట ఇంకెవరో. మేడ మీద వాటా చూడటానికి వచ్చారు.

"ఖాళీ అవుతోందని విన్నామమ్మా. బ్యాచిలర్లట కదా పైన, ఇద్దరు మగాళ్ళు?"

పరాంకుశం చెయ్యి ప్లేటులో ఆగిపోయింది. గోపీనాథ్ కళ్ళు మూసుకున్నాడు. కింద కనకరత్నమ్మ గారు గొంతు సవరించుకుంది. ఆవిడది మామూలుగానే పెద్ద గొంతు, ఆ పూట వీధి చివరికి వినపడేలా ఇంకాస్త పెంచింది.

"ఎవడు చెప్పాడయ్యా నీకు? ఖాళీ లేదు, అవదు. పైన సంసారులున్నారు."

గేటు మూసిన చప్పుడైంది. తర్వాత గోపీనాథ్ ముఖం తుడుచుకుని, "తిను బావా, ఉప్మా చల్లారిపోతోంది" అన్నాడు.