ముందు కూర్చున్నవాడు

పొద్దున్నే నది ఒడ్డున రబ్బరు బోర్డుల్లో గాలి నింపి, గట్టు మీద వరసగా పరిచి, తెడ్లు గోడకి ఆనించి, లైఫ్ జాకెట్లు తాడు మీద ఆరేసేసరికి, వాటిని అద్దెకిచ్చే పెద్దాయనకి నడుం పట్టేసేది. ఆ నదిలో నీళ్ళకి తొందరనేది లేదు. బోర్డు మీద నిలబడి, తెడ్డు వేసుకుంటూ వంపు దాకా వెళ్ళి రావడానికి చుట్టుపక్కల వాళ్ళు వస్తుండేవారు. అంత నెమ్మది నదిలో పడేవాడుంటాడా అని అడక్కండి. ఈ కథ చెబుతున్నవాడు బోర్డు నీళ్ళలోకి దించకముందే పడ్డాడు. అందుకే నిలబడ్డవాళ్ళ గురించి చెప్పుకుని తృప్తిపడుతున్నాడు.

వచ్చినవాళ్ళని పెద్దాయన "ఈత వచ్చా?" అని తర్వాత అడిగేవాడు. ముందు అడిగేది, "మీతో ఎవరొస్తున్నారు?" అని. ఆ నదిలో అంతే. పోయినవాళ్ళలో మనం విడిచిపెట్టలేనివాళ్ళు వచ్చి బోర్డు ముందు భాగంలో కూర్చుంటారు. కనిపించరు, పలకరు. బరువు మాత్రం ఉంటుంది. దాన్నిబట్టి బోర్డు ఇవ్వాలి.

"మా అత్తగారండీ," అని ఒకావిడ అంటే, "మనిషి ఎలా ఉండేవారమ్మా?" అని అడిగి, జవాబు విని, అన్నిటికన్నా పెద్ద బోర్డు దింపేవాడు. "ఉన్నప్పుడూ నన్ను కదలనిచ్చింది కాదు," అని గొణుక్కుంటూ ఎక్కేదావిడ.

పెద్దాయన కొడుకు జ్వరంతో పోయాడు. ఆ తర్వాత కోడలు నదిలోకి దిగిన మొదటిసారే ఆమె బోర్డు ముందు కొస, దాని మూతి, వంగి నీళ్ళని తాకింది. అప్పటి నుంచి, ఆమె పనిచేసే ఇస్త్రీ షాపుకి సెలవైనప్పుడల్లా మామా కోడలూ చెరో బోర్డు మీద వంపు దాకా వెళ్ళేవారు. దారంతా ఆయన చూపు ఆమె బోర్డు మూతి మీదే. తన బోర్డు మాత్రం ఎప్పుడూ తేలిగ్గా పోయేది. "ఇది గట్టి రకంలెండి, బరువు తెలీదు," అని ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు.

ఆ రోజు గట్టు వదిలాక కోడలు తెడ్డు ఆపింది.

"మామయ్యా, పశువుల డాక్టరు అడిగాడు."

"ఏమని?"

"మనింట్లో పశువుల్లేవుగా మామయ్యా. నన్నే అడిగాడు."

పెద్దాయన నవ్వలేదు. డాక్టరు తెలిసినవాడే. ఆయన బోర్డు ముందు భాగంలో, చచ్చిపోయిన ముసలి కుక్క ఒకటి కూర్చునేది. గట్టు మీద ఏ కుక్క మొరిగినా బోర్డు ఊగిపోయేది. "ఊరుకోరా నాన్నా," అని ఖాళీ చోటుని బుజ్జగిస్తూ పోయేవాడాయన. అలాంటివాడిలో వంక వెతకడం కష్టం. అయినా పెద్దాయన వెతికాడు.

"మనిషి మంచివాడే. కుక్కకే కాస్త కోపమెక్కువ."

"చచ్చిపోయిన కుక్కని చూసి సంబంధం వద్దంటారా?"

"కాపురం ఎక్కడ?"

"ఆయన సొంతూళ్ళోనే. దూరం. ఇలా రావడం కుదరదు." ఆమె గొంతు తగ్గింది. "మీరు వద్దంటే వద్దు మామయ్యా. సాయంత్రం ఆయనకి మాట చెప్పాలి."

వద్దు అన్న మాట పెద్దాయన నాలుక చివరికి వచ్చి కూర్చుంది. ఆమె వెళ్ళిపోతే ఆమె బోర్డు ముందున్న ఆ వాలు కూడా వెళ్ళిపోతుంది. కొడుకు ఉన్నాడని చూసుకోవడానికి ఆయనకి మిగిలింది ఆ జానెడు తడే.

"వాడేమంటాడో," అన్నాడు, తన మాటని కొడుకు మీదికి నెట్టి.

"అడగలేదనుకున్నారా? వచ్చినప్పుడల్లా అడుగుతున్నాను. పలికితేగా!" ఆమె తన బోర్డు మూతి వైపు చూసింది. "ఈయన్ని మోసుకుంటూ ఇంకో ఇంటికి ఎలా వెళ్ళను? దించేయడం నావల్ల కాదు మామయ్యా."

వంపు దగ్గర రెల్లు రెండు పక్కలా కమ్ముకొచ్చి నది ఇరుకైంది. బోర్డులు ఒరుసుకున్నాయి. గుద్దుకోకుండా పెద్దాయన చెయ్యి చాపి ఆమె బోర్డు అంచు పట్టుకున్నాడు.

ఆయన బోర్డు మూతి చటుక్కున వంగింది. నీళ్ళు ఆయన పాదాల మీదికొచ్చాయి. తూలి, తెడ్డు అడ్డంగా పెట్టి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

కోడలి బోర్డు మూతి పైకి లేచి ఉంది. దాని అంచు నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. కంగారులో ఆమె ఒక్క తెడ్డు వేసింది. ఇద్దర్ని లాగడానికి అలవాటుపడ్డ చేతులు. బోర్డు జారి చాలా దూరం పోయింది.

"మామయ్యా! నేనేం చేశాను? ఆయన్ని వదిలేశానా?"

పెద్దాయన తడిసిన తన బోర్డు మూతిని చేత్తో తడిమాడు. ఖాళీగానే ఉంది. బరువుగా ఉంది. కొడుకు తన దగ్గరికి రాలేదన్న ఏడుపు ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ చెయ్యి అక్కడే ఉంచాడు.

"నువ్వు వదల్లేదు తల్లీ," అన్నాడు. "వాడే లేచి ఇటొచ్చాడు."

ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. బోర్డు ఆమెని మెల్లగా అవతలికి తీసుకుపోతోంది.

"డాక్టరుకి సరేనని చెప్పు," అని కేకేశాడు.

"మీరో మరి?"

"నువ్వు పద. మేం నిదానంగా వస్తాం."

ఆమె కళ్ళు తుడుచుకుని తెడ్డు అందుకుంది. ఆమె వెళ్ళినంత మేరా చూసి, పెద్దాయన మోకాళ్ళ మీదే ఉండి తెడ్డు వేశాడు. ఎండ ఎదురుగా కొడుతోంది. ముందు కూర్చున్నవాడి కళ్ళలో పడకుండా బోర్డుని రెల్లు నీడలోకి తిప్పాడు.