సరే అని నొక్కిన దోవ

కృష్ణప్ప వంగి, కొక్కేన్ని పత్తి బోరెం చెవికి తగిలించి, మోకాలితో ఒక్క తోపు తోసి వీపు మీదికి తెచ్చుకున్నాడు. ఆదోని మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్ళుగా అదే తోపు. బరువుకు మెడ ఎడమవైపు ఒరిగి అట్లాగే నిలిచిపోయింది. కనుబొమ్మల మీద, చెవుల్లో, చొక్కా మడతల్లో పత్తి నూగు. పొట్టి మనిషి. గట్టిగా మాట్లాడడు. "నిన్న కృష్ణప్ప పనికి వచ్చినాడా?" అని ఎవరైనా అడిగితే, పక్కనే బోరాలు మోసిన మాదన్న కూడా కాసేపు ఆలోచించి చెప్పాల్సి వచ్చేది.

పది గంటలకు టీ వచ్చింది. దాంతోపాటే సుకన్య కూడా వచ్చింది. కృష్ణప్పకు ఒక్కతే కూతురు. యార్డు గేటు ఎదురుగా జిరాక్సు అంగడిలో పని చేస్తుంది. ఫోను నిండిపోయి ఆగిపోతోందని రాత్రి ఆమె చేతికిచ్చాడు.

"బాగైందా పాపా?"

"బాగైంది. నాయనా, ఇది సూడు." ఆమె బోరెం మీద పక్కన కూర్చుని ఫోను చూపించింది. తెల్లటి పటం మీద నీలం గీతలు. "ఇది మన ఇల్లు. ఇది యార్డు. ఇది నువ్వు దినామూ నడిసే దోవ."

కృష్ణప్ప కళ్ళు చికిలించి చూశాడు. గీత ఒకచోట పక్కకు వంగి మళ్ళీ దారిలో కలిసింది.

"ఈ వంకర ఏంది?"

"అది పోయిన వానాకాలంది."

"మోరీ పగిలి మురికినీళ్ళు నిలిసినప్పుడు సుట్టు తిరిగి పోతి గదా! అది గుడక ఉందా?" టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "ఎవురు రాసినారు పాపా ఇదంతా?"

"నువ్వే రాపిచ్చినావు. ఫోను ఏది అడిగినా సరే అని నొక్కినావు. పత్తి రేటు సూసే కాడ, వాన వస్తాదా రాదా అని సూసే కాడ, భజన పాటల కాడ. నొక్కిన ప్రతిసారీ నీ యెంట నడవమని సెప్పినట్టే."

"నొక్కకుంటే తెరుసుకోదు గదా. వద్దు అనేది యాడుంటాది?"

"ఉంటాది. అడుగున, సన్నగ. సరే అనేది మాత్రం నీలంగ, పెద్దగ ఉంటాది."

సుకన్య కొంచెం తటపటాయించింది. తర్వాత వేలితో పటాన్ని పడమటికి జరిపింది. సన్నటి పొడవాటి గీత ఒకటి ఆదోని దాటి, చేన్ల మధ్యగా పోయి, దూరంగా ఒక చుక్క దగ్గర ఆగింది.

"ఇది హొళగుంద. రెండు వారాలకొక ఆదివారం. మిల్లులో పనుంది అని పోతావే, ఆ దినాలు."

కృష్ణప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ దోవ గురించి ఆయన మాదన్నకు కూడా చెప్పలేదు. అక్కడి వాళ్ళ నంబరు ఫోనులో ఎక్కించుకోలేదు. ఒక్కసారైనా ఫోను చేయలేదు. బస్సులో చివరి సీటులో, తువ్వాలు తలకు చుట్టుకుని కూర్చునేవాడు. అయినా ఆ ఆదివారాలు తెల్లవారగానే ఫోను దానంతట అదే మెరిసేది. 'హొళగుందకు గంటా పది నిమిషాలు. దారి ఖాళీగా ఉంది.' కూడబలుక్కుని చదివి, పొద్దున్నే అందరికీ అట్లాగే వస్తుందేమో అనుకున్నాడు.

"ఎవురింటికి నాయనా?"

"మీ మేనత్త. లక్ష్మి."

సుకన్య ఆ పేరు ఇంట్లో రెండు మూడుసార్లు మాత్రమే విన్నది, అదీ గుసగుసగా. ఇరవై రెండేళ్ళ కిందట లక్ష్మి చర్చికి పోయే మేస్త్రీ సామ్సన్‌ను చేసుకుని వెళ్ళిపోయింది. చచ్చిపోయే ముందు కృష్ణప్ప చెయ్యి పట్టుకుని వాళ్ళ నాయన, లక్ష్మి గడప తొక్కనని మాట తీసుకున్నాడు. పక్కనే కృష్ణప్ప భార్య భీమక్క నిలబడి ఉంది.

సుకన్య చుక్కను పెద్దది చేసింది. "ఇంట్లో లేదు నాయనా ఇది. వాకిట్లో ఉంది."

"అవును. గడప తొక్కలేదు. అరుగు మీదనే కూసుంటా, దాని మంచానికి నులక అల్లుతా. అన్నం ఆడికే తెస్తాది." అని, ఒక్కసారిగా తలెత్తాడు. "అది గుడక సూసిందా!"

ముందు భయం వేసింది. "ఇది ఇంకెవురికి తెలుసు?"

"మనకు తెలీనోళ్ళకు ఎందరికో. వాళ్ళకు నీతో పని లేదు నాయనా, నీ దోవతోనే పని. తుడిసేద్దునా?"

కృష్ణప్ప ఆ గీతనే చూశాడు. తను పనికొచ్చిన సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు. అట్లాంటిది, మోరీ చుట్టు తిరిగిన పది అడుగులు కూడా విడవకుండా ఏదో పక్కనే నడిచింది. వానలో నడిచింది. బస్సు చివరి సీటులో కూర్చుంది. అరుగు మీద ఆయన అన్నం తింటుంటే గడప ఇవతలే ఆగింది.

"మాపుకు తుడుద్దువులే," అన్నాడు మెల్లగా. "ఇంగొకతూరి సూపించు."

పగుళ్ళు పట్టిన వేలు ఆ గీత మీద, అద్దానికి తగలకుండా, ఆదోని నుంచి హొళగుంద దాకా పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. టీ మీద మీగడ కట్టింది.

మధ్యాహ్నం మూడు దాటాక లారీ వచ్చేలోపు హమాలీలు నీడకు చేరారు. కృష్ణప్ప బోరాలకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. లారీ వచ్చింది. "లేప్పా కృష్ణప్పా," అని మాదన్న భుజం తట్టాడు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. రెప్పల మీద పత్తి నూగు వాలి ఉంది. రెప్పలు కదల్లేదు.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. భీమక్క తల దగ్గర కూర్చుంది. ఏడుపులు కొంచెం తగ్గాక సుకన్య ఆమె చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, లక్ష్మత్తకు సెప్పాల."

భీమక్క భర్త ముఖం వైపే చూస్తూ ఉంది. "యాడుందో ఎవురికి తెలుసు?"

"నాకు తెలుసు."

భీమక్క ఎట్లా అని అడగలేదు. కొంగుతో భర్త కనుబొమ్మల మీది పత్తి తుడిచింది. "పొద్దున్నే పోయి తోడుకొని రా. వచ్చేదంక ఎత్తనియ్యను."

సుకన్య తెల్లవారి మొదటి బస్సుకు హొళగుందలో దిగింది. నాయన ఫోను చెప్పినట్టు మూడు సందులు తిరిగింది. రేకుల ఇంటి ముందు 'చేరుకున్నారు' అని ఫోను ఆగింది. వాకిలి ఊడుస్తున్న ఆడమనిషి నడుము ఎత్తి చూసింది. అవే కనుబొమ్మలు.

"ఎవురమ్మా నువ్వు?"

"కృష్ణప్ప బిడ్డను అత్తా."

లక్ష్మి ముఖం వెలిగింది. వెంటనే ఆ వెలుగు తగ్గింది. "ఈ వారం కాదే అన్న వచ్చేది... నీకు ఇల్లెట్ల తెలిసె? ఎవురికీ సెప్పనన్యాడే."

"సెప్పలేదత్తా," అంది సుకన్య. చేతిలోని నాయన ఫోను చూపించింది. లక్ష్మి చీపురు గోడకు ఆనించి, ఆమె ముఖంలోకి చూసింది. చూసి అట్లాగే అరుగు మీద కూలబడింది.

ఆమె పక్కన గోడవారగా ఒక నులక మంచం ఉంది. తలవైపు సగం కొత్త నులకతో బిగువుగా అల్లి ఉంది. కాళ్ళవైపు ఉత్త పట్టెలు, వాటి మధ్య నుంచి కనిపించే అరుగు బండ. మిగిలిన నులక ఉండగా చుట్టి, జారిపోకుండా మంచం కోడుకు ముడివేసి ఉంది.