నాలుగో పేరాలో నీళ్ళు

ఆ రోజు పొద్దున్నే తూర్పున మబ్బు లేచింది. జనం వాకిళ్ళలోకి వచ్చి చూశారు. అది చినుకైనా రాల్చకుండా సముద్రం వైపు జరిగిపోయింది. అర్జీల గవరయ్య కూడా చూశాడు. లోపలికొచ్చి నన్ను సంచిలో వేసుకున్నాడు.

నేను ఒక ఇంగ్లీషు నిఘంటువును, తెలుగు అర్థాలున్నదాన్ని. మద్రాసులో అచ్చయ్యాను. మొదట ఒక దొర బల్ల మీద ఉన్నాను. ఆయన నన్ను తెరిచింది రెండుసార్లే. మిగతా రోజుల్లో నా మీద టీ కప్పు పెట్టుకున్నాడు. ఆయన దగ్గర్నుంచి గుమస్తాకు, గుమస్తా దగ్గర్నుంచి గవరయ్య తాతకు చేరాను. ఈ ఇంట్లో మూడు తరాలూ అర్జీలు రాసినవాళ్ళే.

నాకు ఈ ఇంటి మీద కోపం. నా ప్రతి మాట కిందా చిన్న అక్షరాల్లో దాని పాత అర్థం ఉంటుంది. దాన్ని ఒక్కడూ చదవలేదు. విలన్ అనే మాట సినిమాకెళ్ళే ప్రతివాడికీ తెలుసు. ఒకప్పుడు ఆ మాటకు అర్థం ప్రభువు పొలంలో పనిచేసే పల్లెటూరివాడు, అంతే. మట్టి పిసుక్కునేవాణ్ణి దుర్మార్గుణ్ణి చేసినవి మేడల్లోని నోళ్ళు. పిటిషన్ పుట్టినచోట ఆ మాటకు అర్థం ఎదురుగా వెళ్ళడం, మీదపడి అడగడం. దాన్ని కాళ్ళ మీద పడటంగా మార్చారు. బిసీచ్ అంటే వెతుక్కుంటూ వెళ్ళడం. దాన్ని దేబిరింపు చేశారు. అణకువ అని చెప్పే హంబుల్ మాటకు మూలం నేల. నేలను నమ్ముకున్నవాడు ఎవడి ముందు వంగాలి?

ఈ ఇంటి పద్ధతి వేరు. మాట ఎంత పాతదైతే ఆఫీసరు అంత తొందరగా కదులుతాడని వీళ్ళ నమ్మకం. తాత అలాగే రాశాడు, తండ్రి అలాగే రాశాడు. దొరలు వెళ్ళిపోయారని ఈ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పినట్టు లేదు. వాడుక పోయిన మాటల్ని నాలోంచి ఏరి గవరయ్య ఒక్కొక్కటే పేర్చేవాడు.

శివారున అచ్చియ్యమ్మకు ఎకరన్నర దాళ్వా వరి చేను, అంటే రెండో పంట, ఉంది. గింజ పాలు పోసుకునే వేళ. ఎగువ చేపల చెరువులవాళ్ళు తూము తలుపు దించి తాళం వేశారు. గవరయ్య రెండు అర్జీలు రాశాడు. పన్నెండు రోజులు గడిచాయి. జవాబు లేదు. మూడోది పట్టుకుని ఆ పొద్దున ఇద్దరూ కాలవ ఆఫీసుకు వెళ్ళారు. సంచిలో నేనూ వెళ్ళాను.

కుర్ర ఇంజనీరు కాగితం రెండుసార్లు చదివాడు.

"పాత రెండూ కూడా ఇక్కడే ఉన్నాయండి. ఎవరో పోతే సంతాపం రాశారనుకుని పక్కన పెట్టాం. ఇంతకీ మీకేం కావాలండి?"

"నాలుగో పేరాలో ఉందండి," అన్నాడు గవరయ్య.

అచ్చియ్యమ్మ ఆయన వైపు తిరిగింది.

"నా చేను ఎండిపోతంటే నీళ్ళు నాలుగో పేరాలో పెట్టావా బావా? పై మూడింట్లో ఏం చేశావు?"

"దణ్ణాలు పెట్టాను."

"నా తరఫునా? నిన్నెవడు పెట్టమన్నాడు?"

ఆమె బల్ల దగ్గరికి జరిగింది.

"బాబూ, చేపల చెరువులోళ్ళు మా తూము తలుపు దింపేసి తాళం ఏసుకున్నారండి. ఎత్తించండి. అంతేనండి."

ఇంజనీరు కాలవ చూసుకునే లస్కరుకు ఫోను చేసి తాళం పగలగొట్టమన్నాడు. రెండు నిమిషాల పని. సాయంత్రానికి తలుపు లేచింది.

నా ఒంట్లో వేల మాటలున్నాయి. అవసరమైనవి ఆమె నోట్లోనే ఉన్నాయి, ఈయన అడగలేదు. నన్ను తిరగేస్తూ పన్నెండు రోజులు తిన్నాడు. నాకు చేతులుంటే ఆయన చెంప పగలగొట్టేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం గవరయ్య చేలోకి వచ్చాడు. సంచి అలవాటు పోలేదు, నేను భుజానే ఉన్నాను. అచ్చియ్యమ్మ ఒక వెన్ను తెంపి గింజను గోళ్ళ మధ్య నొక్కింది. పాలు రాలేదు. ఇంకోటి నొక్కింది. రాలేదు. గట్టు పక్కన అరెకరం దాకా తాలు గింజలే. ఆ అవతల నొక్కిన గింజకు తెల్లగా చుక్క వచ్చింది. ఆమె ఆ రెండు చోట్లకీ మధ్య కాసేపు నిలబడింది.

తర్వాత గట్టు మీద కూర్చుని క్యారేజీ విప్పింది. అన్నం, గోంగూర పచ్చడి. సగం మూతలో పెట్టి ఆయన ముందుకు నెట్టింది. గవరయ్య సంచి దించి కాలవలో చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

ఆలస్యంగా వచ్చిన నీళ్ళు మడిలోకి దిగుతున్నాయి. ఇద్దరూ తల ఎత్తకుండా తిన్నారు.