రంగుల సందుకి ఒక రచయిత్రి

ఆగండి, పేజీ తిప్పేయకండి. ఒక్క పది నిమిషాలు వినండి. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి మా పుస్తకం ప్రెస్సుకి వెళ్ళిపోతుంది. ఆలోపు నేనొకటి తేల్చుకోవాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీకే మొదట చెప్తున్నా.

మా లైబ్రరీ వాళ్ళు ఊరి సాహిత్య చరిత్ర వేస్తున్నారు, పేటకో అధ్యాయం. ఏ రచయిత ఏ ఇంట్లో అద్దెకున్నాడు, ఏ టీకొట్టు బల్ల మీద ఏ పత్రిక పుట్టింది, ఎవరితో ఎవరు మాట్లాడ్డం మానేశారు, ఇవన్నీ తిరిగి రాసుకురావడం నా పని. ప్రాణం పెట్టి చేశానండీ! రైల్వే క్వార్టర్స్‌లో ఒక గార్డు పాత టైంటేబుళ్ళ వెనకాల నవల మొత్తం రాశాడు తెలుసా? మిల్లు వెనక పేటలో ఇద్దరు కవులు ఒకే గోడకి అటొకరు ఇటొకరు ఉంటూ పదకొండేళ్ళు పలకరించుకోలేదు. తిట్టుకోవాలన్నా కవితల్లోనే, అది కూడా అచ్చయ్యేదాకా ఆగాలి! ఇలాంటివి దొరికిన రోజు నాకు అన్నం కూడా అక్కర్లేదు.

మా ఎడిటర్‌ని మేం చాటుగా కామాగారు అంటాం. రాతలో ఫుల్‌స్టాప్ పెట్టడానికి ఆయనకి చేతులు రావు, మాటా అంతే. ఆయనకి రెండు రూల్స్. ఏ పేటా ఖాళీగా ఉండకూడదు. ఇద్దరు చెప్తే తప్ప ఏదీ అచ్చుకి వెళ్ళకూడదు. నేనొకసారి వెళ్ళి కనుక్కుంటా, తర్వాత మా డబుల్ చెక్ వెళ్ళి మళ్ళీ కనుక్కుంటాడు. డబుల్ చెక్ అంటే నా పక్క సీటు అన్నయ్య, ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసే రకం.

రంగుల సందు దగ్గర ఇరుక్కుపోయా. ఒకప్పుడు బట్టలకి వేసే రంగుపొడుల కొట్లుండేవి అక్కడ, ఇప్పుడన్నీ ఫోన్ కవర్లు. మూడు వారాలు తిరిగా. ఒక్క రచయిత లేడు, కనీసం ఒక పాటలు రాసేవాడు కూడా లేడు.

"అక్కడ రాసినవాళ్ళెవరూ లేరండీ," అన్నా కామాగారితో.

"లేకపోవడమేంటమ్మా, మనుషులున్నారుగా, మనుషులున్నచోట ఎవడో ఒకడు రాసే ఉంటాడు, వెతుకు, శుక్రవారం లోపు పేజీ కావాలి."

నాకు ఒళ్ళు మండింది. చీకటి మెట్లూ, ఊగే కటకటాలూ ఉన్న ఒక పాత మేడని అప్పటికే చూసి ఉన్నా. కూర్చుని టైపు చేసేశా. ఆ మేడ మీద ఒకావిడ ఉండేది, కథలు రాసేది, ఒక్కటీ అచ్చవలేదు, ఉన్నట్టుండి ఒకరోజు కనబడకుండా పోయింది. పేరు పెట్టలేదు, ధైర్యం చాల్లేదు. పదిహేను లైన్లు. ఉత్సాహం ఆగక ఆవిడ రాసిందంటూ ఒక కథ కూడా అల్లేశా, "ఒక గది ఎక్కువ" అని. ఒకామె ఇంట్లో గదులు లెక్కపెడుతుంది, ఉండాల్సినవి నాలుగు, ఎప్పుడు లెక్కపెట్టినా అయిదొస్తాయి. రాసుకున్న ఆ రెండు లైన్లు మాత్రం నా కంప్యూటర్లోనే ఉంచుకున్నా, ఎవరికీ చూపించలేదు.

డబుల్ చెక్ పట్టేస్తాడులే, తిట్లు తిని తీసేద్దాం అనుకున్నా. నిజంగా! కానీ వాడెళ్ళి అడిగింది సందు మొదట్లో ఉన్న టైలర్ బాబాయ్‌ని. నేను తిరిగే రోజుల్లో ఆయన్ని ఒకటికి పదిసార్లు అడిగా, "బాబాయ్, ఆ మేడ మీద ఎవరన్నా ఆవిడ కథలూ అవీ రాసేవారా?" అని. నోట్లో గుండుసూదులు పెట్టుకుని "ఊఁ, ఊఁ" అనేవాడు. డబుల్ చెక్ వెళ్ళేసరికి సూదులు తీసి మరీ చెప్పాడట, "ఎందుకు లేదూ, మేడ మీదావిడ! ఎప్పుడూ ఏదో రాస్తూ ఉండేది!"

అంటే నా ప్రశ్నే ఆయన నోట్లోంచి జవాబై వచ్చింది. దాంతో ఇద్దరు చెప్పినట్టు లెక్క తేలిపోయింది.

"ఏం పట్టావే నువ్వు!" అని డబుల్ చెక్ నా వీపు మీద చరిచాడు. కామాగారైతే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పుడు చెప్పాల్సింది. ఆ పదిహేను లైన్లూ శాంపిల్ పేజీ అని రీడింగ్ హాల్లో అంటించేశారు.

మొన్న పొద్దున పదకొండింటికి ఒక మామ్మగారు వచ్చారు. గొడుగు, కళ్ళజోడు, నిటారుగా నడక. తిన్నగా నా టేబుల్ దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"రంగుల సందు పేజీ రాసింది నువ్వేనా?"

"అవునండీ."

"ఆ మేడ కింద కొట్టు మా నాన్నది. పైనుండేది మా అక్క."

గబగబా లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చా. ఆవిడ తాగకుండా పక్కన పెట్టి చెప్పుకుపోయారు. "నాకప్పుడు పన్నెండేళ్ళు. రంగుపొడి పొట్లాలు కట్టడం నా పని. ఒకరోజు చిత్తుకాయితాలు అయిపోయాయి. అక్క పెట్టెలో ఇంత దొంతర ఉంది. లెక్కల కాయితాలు అనుకున్నా. చింపేసి పొట్లాలు కట్టేశా. వారం రోజుల్లో ఊరంతా అమ్ముడుపోయాయి."

"అక్క ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. అదే కదా. తిట్టినా బాగుండేది. ఖాళీ పెట్టె చూసి, మూత వేసి, నాకు జడ వేసింది. ఆ నెల్లోనే వెళ్ళిపోయింది. మళ్ళీ కనబడలేదు."

"లెక్కల కాయితాలని ఎందుకనుకున్నారు?" ఊరికే అడిగానండీ, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని.

"ఒక కాయితం మడుస్తుంటే కంటబడింది. 'లెక్కపెట్టిన ప్రతిసారీ ఒకటి ఎక్కువొస్తోంది' అని ఉంది. మరి లెక్కలు కాక ఏంటి?"

నా కంప్యూటర్ ఆమె వెనకే ఉంది. స్క్రీన్ ఆపేసి ఉంది. రెండుసార్లు చూసుకున్నా.

"తల్లీ," అన్నారు మామ్మగారు, "అరవై రెండేళ్ళుగా లెక్కల కాయితాలే అని నాకు నేనే చెప్పుకుంటూ బతికా. నువ్వేమో కథలని రాశావు. కథలని నీకెవరు చెప్పారు? నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పయ్యేళ్ళు చేశా, గొంతు వింటే అబద్ధం పట్టేస్తా. నిజమేదో చెప్పు చాలు. శుక్రవారం పొద్దున పదింటికి వస్తా."

అంతే, నా కాయితం మీద తన ఫోన్ నంబర్ రాసిచ్చి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే పరుగెత్తా రంగుల సందుకి. ఫోన్ కవర్ల కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. "పైకా? ఏముందమ్మా పైన, నాలుగు గదులు, నాలుగింట్లోనూ మా స్టాకే. చూస్తానంటే చూసుకో, కవర్లు మాత్రం తొక్కకు."

ఎక్కా. అట్టపెట్టెలు, దుమ్ము, గోడల మూలల్లో ఇంకా వదలని పాత రంగు, ఎరుపో ఊదానో. తలుపులు లెక్కపెట్టుకుంటూ వసారా చివరిదాకా నడిచా. నాలుగు. హమ్మయ్య అనుకున్నా. తిరిగొస్తూ మళ్ళీ లెక్కపెట్టా. అయిదు.

మూడోసారి లెక్కపెట్టలేదండీ. మీరు పెడతారేమో, నాకంత గుండె లేదు. మెట్లు రెండేసి చొప్పున దూకా.

"ఏమ్మా, బల్లి మీద పడిందా?" అని నవ్వాడు కొట్టాయన.

"పైన ఎన్ని గదులన్నారు?"

"నాలుగు. ఏం, నీకు తక్కువొచ్చాయా?"

సందు చివరిదాకా ఆగకుండా నడిచా.

ఇవాళ, గురువారం. లంచ్ తర్వాత మొత్తం తీసేద్దామనే ఫైల్ తెరిచా, ఒట్టు! వేళ్ళు తీసేయలేదు, రాయడం మొదలుపెట్టాయి. "ఒక గది ఎక్కువ", మొత్తం కథ. నేను ఒక వాక్యానికి పది ఆశ్చర్యార్థకాలు పెట్టే మనిషిని, ఈ కథలో ఒక్కటి లేదు. చిన్న చిన్న వాక్యాలు. నేనెప్పుడూ వాడని మాటలు. గంటన్నరలో తొమ్మిది పేజీలు. కథలో ఆమె చివరికి ఆ అయిదో గది తలుపు తీస్తుంది. లోపల ఒక చిన్నపిల్ల కూర్చుని కాయితాలు మడుస్తూ ఉంటుంది, ఎడమచేతి బొటనవేలికి గుడ్డపీలిక కట్టి ఉంటుంది. "ఇంకా అయిపోలేదా?" అంటుంది ఆమె. పిల్ల తల అడ్డంగా ఊపుతుంది. ఆమె లోపలికెళ్ళి పక్కన కూర్చుని తనూ మడవడం మొదలుపెడుతుంది. అక్కడితో అయిపోయింది.

మామ్మగారు చెప్పింది విన్నా కాబట్టి అలా వచ్చిందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నా. కానీ ఆ బొటనవేలు? ఫోన్ చేశా.

"మామ్మగారూ, ఒక చిన్న సంగతి. ఆ పొట్లాలు కట్టిన రోజు మీ వేలికేమైనా అయ్యిందా?"

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు. తర్వాత మెల్లగా అన్నారు, "బొటనవేలు తెగింది. కత్తెరతో. అక్కే గుడ్డపీలిక కట్టింది." ఆ వెంటనే, "అమ్మాయ్, నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

"ఉన్నారు. నువ్వు మాట్లాడుతుంటే రెండు ఊపిర్లు వినబడుతున్నాయి," అని ఫోన్ పెట్టేశారు.

కామాగారికి చెప్పబోయా, "రేపు ప్రెస్సు, ఇవాళ దయ్యాల కథలా, వద్దు తల్లీ, వద్దు," అని చేతులు జోడించారు. డబుల్ చెక్ "టైలర్ కూడా చెప్పాడుగా, ఇంకేంటి నీ బాధ?" అన్నాడు. ఆ టైలర్‌కి చెప్పింది నేనే అని ఇప్పుడంటే నమ్మడు కూడా.

పదింటికి మామ్మగారొస్తారు. రంగుల సందు పేజీ చింపేసి "నేను కల్పించానండీ, అవి లెక్కల కాయితాలే" అని చెప్పొచ్చు. ఆవిడ ఈ రాత్రికి కాకపోయినా రేపు రాత్రికైనా హాయిగా నిద్రపోతారు. కానీ అక్క ఈ ఊళ్ళోంచి రెండోసారి పోతుంది, ఈసారి పంపేది నేను. లేదంటే పేజీ ఉంచేసి ఈ తొమ్మిది పేజీలూ ఆవిడ చేతిలో పెట్టొచ్చు. ఊరి చరిత్రలో అక్క నిలబడుతుంది. కానీ పన్నెండేళ్ళప్పుడు తన చేత్తో ఏం చింపి పొట్లాలు కట్టారో ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళప్పుడు తెలుస్తుంది. పోనీ జరిగింది జరిగినట్టు చెప్దామంటే, కల్పించింది నేనే, నిజమైందెలాగో నాకే తెలీదు, గొంతు వినే ఆవిడకి అది నిజంలా వినబడుతుందా?

కాయితాలు నా ఒళ్ళో ఉన్నాయి. తొమ్మిదే ప్రింట్ తీశా, మళ్ళీ లెక్కపెట్టడానికి చేతులు రావట్లేదు. మీరైతే రేపు పదింటికి ఆవిడకి ఏం చెప్తారు?