ఆరో బల్ల

పింగాణీ కప్పుల్ని పెట్టెల్లో సర్ది తాడు బిగించే గది అది. ఆ పనిలో ఆమె చేతికి ఎదురు లేదని యజమాని ఆమెను ఆరు బల్లల మీద పెద్దని చేశాడు. చేయి తిరిగినవాళ్లకి పెత్తనమిస్తే మంచి చేయి ఒకటి తగ్గడం ఖాయం, మంచి పెద్ద దొరుకుతుందన్న పూచీ మాత్రం లేదు.

మొదటి నెలంతా అదే బేరమైంది. ఎవరి పెట్టె వదులుగా కనిపించినా తనే విప్పి తనే కట్టేది. అయినా దుకాణాల నుంచి పగిలిన సరుకు తిరిగొస్తూనే ఉంది.

"ఎవరి బల్ల దగ్గర తేడా వస్తోందో నెలాఖరులోగా చెప్పమ్మా, ఆ మనిషిని పంపించేద్దాం," అన్నాడు యజమాని. "చెప్పలేకపోతే నువ్వు మళ్లీ నీ బల్లకే పో."

ఇంట్లో ఈ మాట విని బస్సు డ్రైవరైన మొగుడు నవ్వాడు. "నువ్వు చేసేది పెత్తనం కాదే, ఆరుగురి చాకిరీ. బండి తీసే ముందు నేను రోజూ ఆరు టైర్లూ తన్ని చూస్తాను. లోపలి టైరు కంటికి కనిపించదు, దాన్ని అసలు వదలను."

"అయితే మనుషుల్ని తన్నమంటావా?"

"అడగమంటున్నా. రోజూ, అదే వేళకి. పగిలాక అడిగితే విచారణ. రోజూ అడిగితే పలకరింపు."

మర్నాటి నుంచి పని మొదలయ్యే ముందు ఒక్కో బల్ల దగ్గర రెండు నిమిషాలు ఆగింది. ఒకటే ప్రశ్న: "నిన్న పనికి ఏది అడ్డం పడింది?"

"ఏం లేదు," అన్నారు అందరూ. "డాక్టరమ్మ వచ్చింది, నాలుకలు చాపండర్రా," అని ఎవరో అంటే గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, మర్నాడు మళ్లీ అడిగింది. వారం తిరిగేసరికి ఒకరు కత్తెర మొండిదన్నారు, ఇంకొకరు కాగితం ఆలస్యంగా వస్తోందన్నారు. రెండూ సరిచేయించింది. పది నిమిషాలు పెట్టి రోజుకో గంట వెనక్కి రాబట్టుకుంది.

ఆరో బల్ల దగ్గర మాత్రం ఆగేది కాదు. అక్కడుండేది గదంతా పెద్దత్త అని పిలిచే ముసలామె, తనకు ముడి వేయడం నేర్పిన మనిషి. పని నేర్పినామెనే పని గురించి అడగడానికి మొహమాటపడి, నమస్కారం పెట్టి దాటేసేది.

పగిలిన సరుకుతో పాటు పెట్టెల్నీ తాళ్లతో సహా పంపమని దుకాణాలకు కబురు పెట్టింది. నెలాఖరుకు రెండు రోజుల ముందు అవి వచ్చాయి. పగిలినవాటన్నిటి మీదా ఒకటే ముడి, వదులుగా. ఆ మెలిక ఆ గదిలో ఇద్దరికే వచ్చు. ఒకరు తను. ఇప్పుడు యజమానితో ఒక్క పేరు చెబితే చాలు, పెత్తనం నిలుస్తుంది.

మర్నాడు పొద్దున ఆరో బల్ల దగ్గర ఆగింది.

"దారి తప్పావా?" తల ఎత్తకుండా అడిగింది పెద్దత్త.

"లేదత్తా. నిన్న పనికి ఏది అడ్డం పడింది?"

"మూడు వారాలైంది. ఐదు బల్లల దగ్గర నిలబడతావు, నా దగ్గరికొచ్చేసరికి నీ కాళ్లకి చక్రాలొస్తాయి." చేతులు చాపింది. బొటనవేళ్ల కీళ్లు వాచి ఉన్నాయి. "తాడు బిగుసుకోవడం లేదే."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా అత్తా!"

"నా అంతట నేను చెబితే సెలవడిగినట్టు. నువ్వడిగితే పని మాట్లాడుకున్నట్టు."

అని కుప్పలోంచి ఒక కప్పు తీసి గోటితో కొట్టింది. ఖంగుమనలేదు. "చూశావా? ఇది బట్టీలోనే నెర్రె పట్టింది. దీన్ని నువ్వు కట్టినా పగులుతుంది."

ఆమె తిన్నగా యజమాని దగ్గరికి వెళ్లింది. "తేడా ఆరో బల్ల దగ్గరండి. మూడు వారాలుగా నేను ఆగి అడగని బల్ల అదొక్కటే, కాబట్టి సగం తప్పు నాది. ఆమె వేళ్లు అరిగాయి గానీ చెవి అరగలేదు. గుమ్మం దగ్గర కూర్చోబెట్టండి, ప్రతి కప్పూ మోగించి లోపలికి పంపుతుంది. కొత్త మనిషి కుదిరేదాకా ఆ బల్ల మీద నేను కడతాను."

ఆయన గుమ్మం వైపు చూశాడు. "రెండు వారాలు చూస్తాను," అన్నాడు.

మర్నాడు గుమ్మం దగ్గర ఆగి ఆమె నోరు తెరవబోతే, పెద్దత్తే ముందుగా అడిగింది. "నీకు నిన్న ఏది అడ్డం పడిందే?"

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న తననెవరూ అడగలేదు. "ఏం లేదత్తా," అంది.

"మొదటి రోజు అందరూ అంతే అంటారు," అని పెద్దత్త కప్పు చెవి దగ్గర పెట్టుకుంది. "రేపు మళ్లీ అడుగుతాలే."